వాణిజ్య భవనాల్లో సీఎఫ్‌ఎల్ దీపాలు: కోసాడ్ నుంచి చూస్తే తేలే లెక్క

సూరత్: దుకాణాలు, కార్యాలయాలు, ఆసుపత్రులు, హోటళ్లలో కరెంటు బిల్లు తగ్గించుకునే తొలి సాధనంగా కాంపాక్ట్ ఫ్లోరోసెంట్ దీపాలు, వాడుకలో సీఎఫ్‌ఎల్‌లు, రెండు దశాబ్దాల క్రితం దేశమంతటా వ్యాపించాయి. ఇప్పుడు ఆ స్థానాన్ని ఎల్‌ఈడీలు ఆక్రమించాయి. అయినా పాత లాడ్జీల వరండాల్లో, ఆసుపత్రుల ఫాల్స్ సీలింగ్‌లలో, బ్యాంకు శాఖల వెనుక గదుల్లో సీఎఫ్‌ఎల్‌లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆ మార్పు ఎవరికి ఎంత మిగిల్చింది, ఎక్కడ మిగల్చలేదు, మిగిలి ఉన్న దీపాలను ఇప్పుడు ఏం చేయాలి అనే ప్రశ్నలకు సమాధానం దీపం డబ్బాపై ముద్రించిన వాట్లలో దొరకదు. అది ఎన్ని గంటలు వెలుగుతుంది, దేని స్థానంలో వచ్చింది, బిల్లు ఎవరు కడతారు అనే మూడు విషయాలు తెలిస్తేనే లెక్క తేలుతుంది.

ఆ మూడింటినీ ఒకేచోట చూడదగిన ప్రాంతం గుజరాత్‌లోని కోసాడ్. సూరత్ నుంచి వడోదర వైపు రైలులో వెళ్తే తాపీ నది దాటాక ఉత్రాన్, ఆ తర్వాత కోసాడ్ స్టేషన్ వస్తాయి. ఒకప్పటి గ్రామం నేడు నగరంలో భాగం. నది ఒడ్డున, కాలువల పక్కన గుడిసెల్లో బతికిన కుటుంబాల కోసం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద సూరత్ నగరపాలక సంస్థ ఇక్కడ పెద్ద గృహ సముదాయాన్ని నిర్మించింది. పొరుగునే ఉన్న ఆమ్రోలి, కతార్‌గాం ప్రాంతాల్లో మరమగ్గాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, వజ్రాల సాన కేంద్రాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఉత్రాన్‌లో గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి పాత థర్మల్ కేంద్రపు శీతలీకరణ గోపురాన్ని 2023 మార్చిలో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ఇలా విద్యుత్తు తయారయ్యే చోటు, ఖర్చయ్యే చోటు పక్కపక్కనే కనిపిస్తాయి.

తెలుగు పాఠకులకు సూరత్ పరాయి ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా తదితర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు చూసినవారికి సూరత్ షెడ్డు కొత్తగా అనిపించదు. కిటికీలు తక్కువగా ఉన్న పొడవాటి గది, వరుసగా మగ్గాలు, ప్రతి రెండు మగ్గాలకు మధ్య నూలు దుమ్ము పట్టి వేలాడే ట్యూబ్‌లైటు. రెండుచోట్లా దీపం మగ్గంతోపాటే వెలుగుతుంది, మగ్గంతోపాటే ఆరుతుంది.

చమురు సంక్షోభంలో పుట్టిన దీపం

సీఎఫ్‌ఎల్‌లో వెలిగేది తీగ కాదు, వాయువు. సన్నని గాజు గొట్టంలో ఆర్గాన్ వాయువు, అతి కొద్ది పాదరసం ఉంటాయి. విద్యుత్తు ప్రవహించినప్పుడు పాదరస ఆవిరి అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తుంది. అవి కంటికి కనిపించవు. గొట్టం లోపలి గోడకు పూసిన ఫాస్ఫర్ పొడి ఆ కిరణాలను పీల్చుకుని తెల్లని కాంతిగా మారుస్తుంది. పొడవాటి ట్యూబ్‌లైటు పనిచేసేదీ ఇదే సూత్రంపై. ఆ గొట్టాన్ని మడిచి, మెలితిప్పి, చోక్‌ను అడుగు భాగంలోనే అమర్చి మామూలు బల్బు హోల్డర్‌లో పట్టేలా చేస్తే అదే సీఎఫ్‌ఎల్.

1973 నాటి చమురు సంక్షోభం తర్వాత అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజినీరు ఎడ్వర్డ్ హామర్ 1976లో మెలితిరిగిన గొట్టపు నమూనాను రూపొందించారు. దాన్ని తయారు చేయడానికి కొత్త కర్మాగారాలు కావాలి, ఖర్చు భారీగా ఉంటుందన్న కారణంతో సంస్థ పక్కన పెట్టింది. హోల్డర్‌లో నేరుగా బిగించే దీపాన్ని 1980లో ఫిలిప్స్ మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో సామాన్యులకు అందుబాటులోకి రావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

తీగ బల్బు తాను తీసుకున్న విద్యుత్తులో పదో వంతు కూడా కాంతిగా మార్చలేదు. మిగిలినదంతా వేడి. 60 వాట్ల తీగ బల్బు సుమారు 700 లూమెన్ల కాంతి ఇస్తే, అంతే కాంతికి సీఎఫ్‌ఎల్‌కు 14 వాట్లు చాలు. తీగ బల్బు ఆయుష్షు సుమారు 1,000 గంటలు. మంచి సీఎఫ్‌ఎల్ 6 వేల నుంచి 8 వేల గంటలు వెలుగుతుంది. ఈ రెండు తేడాలే మొత్తం ప్రచారానికి ఆధారం.

గంటల లెక్క

ఇంట్లో పడకగది బల్బు రోజుకు రెండు మూడు గంటలు వెలుగుతుంది. దుకాణంలో బల్బు ఉదయం షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేవరకు వెలుగుతుంది. అందుకే ఒకే దీపం ఇంటికన్నా దుకాణానికి నాలుగైదు రెట్లు ఎక్కువ లాభం తెస్తుంది. పైగా చాలా రాష్ట్రాల్లో వాణిజ్య కనెక్షన్లకు యూనిట్ ధర ఇళ్లకన్నా ఎక్కువ.

ఒక చిన్న బట్టల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో 60 వాట్ల బల్బులు 20 ఉన్నాయి. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు దుకాణం తెరిచి ఉంటుంది. బల్బులన్నీ కలిపి రోజుకు 12 యూనిట్లు కాలుస్తాయి. వాటి స్థానంలో 14 వాట్ల సీఎఫ్‌ఎల్‌లు పెడితే ఖర్చయ్యేది 2.8 యూనిట్లు. రోజుకు 9.2 యూనిట్ల ఆదా. ఏడాదికి 2,760 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 22,080 రూపాయలు మిగులుతాయి. ఒక్కో సీఎఫ్‌ఎల్‌కు 130 రూపాయలు పెట్టినా పెట్టుబడి 2,600 రూపాయలు. రోజుకు 73 రూపాయల పైచిలుకు ఆదాతో అది 36 రోజుల్లోపే తిరిగి వస్తుంది. వడ్డీకి డబ్బు తెచ్చి వ్యాపారం చేసే చోట ఇంత త్వరగా అసలు తిరిగివచ్చే పెట్టుబడి అరుదు.

ఆ దుకాణంలో ఏసీ ఉంటే మరో లాభం చేరుతుంది. బల్బులు వెదజల్లే 920 వాట్ల వేడి గదిలోంచి తగ్గిపోయింది. ఆ వేడిని బయటకు తోడడానికి ఏసీ ఖర్చు చేసే విద్యుత్తు, అంటే సుమారు 300 వాట్లు, అదనంగా మిగులుతుంది. సూరత్ వంటి ఉక్కపోత ఊళ్లో, విజయవాడ వంటి ఎండల ఊళ్లో ఇది ఏడాదిలో ఎక్కువ నెలలు వర్తిస్తుంది. దీపాల లెక్కలు వేసేటప్పుడు చాలామంది దీన్ని వదిలేస్తారు.

లెక్క తారుమారయ్యే చోట్లు కూడా ఉన్నాయి. మరుగుదొడ్లు, స్టోర్ గదుల్లో దీపాన్ని నిమిషానికోసారి వేసి ఆర్పుతుంటారు. ప్రతిసారీ వెలిగించినప్పుడు సీఎఫ్‌ఎల్ ఎలక్ట్రోడ్లపై పూత కొంత కరిగిపోతుంది. అటువంటి చోట 6 వేల గంటల దీపం వెయ్యి రెండు వేల గంటలకే మాడిపోవచ్చు. మూసి ఉన్న గాజు డోమ్‌లలో బిగిస్తే గాలి ఆడక చోక్ వేడెక్కి చెడుతుంది. వెలిగించిన వెంటనే పూర్తి కాంతి రాదు కాబట్టి మెట్ల దగ్గర, అత్యవసర ద్వారాల వద్ద అది సరైన ఎంపిక కాదు. సీఎఫ్‌ఎల్ ‘కంపెనీ చెప్పినన్నాళ్లు రాలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ట్యూబ్‌లైటు స్థానంలో పెడితే

మగ్గాల షెడ్లలో కొందరు చేసిన ఆలోచన వేరు. సీఎఫ్‌ఎల్ అంటే పొదుపు కదా అని ట్యూబ్‌లైట్లు తీసేసి వాటినే బిగించారు. ఇందులో మిగిలేది దాదాపు ఏమీ లేదు. ట్యూబ్‌లైటు కూడా ఫ్లోరోసెంట్ దీపమే. పాత మందపాటి 40 వాట్ల ట్యూబ్, దాని ఇనుప చోక్ తినే 12 వాట్లు కలిపితే 52 వాట్లు. అది ఇచ్చే కాంతి సుమారు 2,400 లూమెన్లు. అంతే కాంతి సీఎఫ్‌ఎల్‌తో రావాలంటే 40 వాట్లకు దగ్గరగా కావాలి. తక్కువ వాట్ల దీపం పెడితే బిల్లు తగ్గుతుంది, కానీ వెలుతురు కూడా తగ్గుతుంది. తెగిన దారం కనిపించని షెడ్డులో మిగిలిన కరెంటు కన్నా పాడైన గుడ్డ విలువ ఎక్కువ.

ట్యూబ్ ఉన్నచోట సరైన మార్పు మరో ట్యూబే. 28 వాట్ల సన్నని టీ5 ట్యూబ్‌ను ఎలక్ట్రానిక్ చోక్‌తో వాడితే మొత్తం 31 వాట్ల వద్ద అదే స్థాయి వెలుతురు వస్తుంది. 100 ట్యూబ్‌లున్న షెడ్డులో 2.1 కిలోవాట్లు తగ్గుతాయి. సూరత్ మరమగ్గాలు సాధారణంగా 12 గంటల చొప్పున రెండు షిఫ్టులు నడుస్తాయి. పగలైనా రాత్రైనా దీపం ఆరదు. 300 రోజులకు మిగిలేది 15,120 యూనిట్లు. ఇంధన సామర్థ్య బ్యూరో చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం చేపట్టిన కార్యక్రమంలో సూరత్ వస్త్ర పరిశ్రమల సముదాయాన్ని కూడా చేర్చి, ఇంధన పొదుపుపై ప్రత్యేక కరదీపికను వెలువరించింది. అద్దకం, ప్రాసెసింగ్ మిల్లుల్లో బాయిలర్లు, మోటార్లతో పోలిస్తే దీపాల వాటా చిన్నదే. కానీ బాయిలర్ మార్చడానికి లక్షలు కావాలి. దీపం మార్చడానికి నిచ్చెన చాలు.

రంగు, మినుకు

వెలుతురు పరిమాణమే కాదు, దాని నాణ్యత కూడా వ్యాపారంలో డబ్బే. తీగ బల్బు కింద రంగులు సహజానికి చాలా దగ్గరగా కనిపిస్తాయి. వంద మార్కుల రంగుల సూచీలో దానికి దాదాపు పూర్తి మార్కులు. మామూలు సీఎఫ్‌ఎల్‌కు 80 పైన వస్తాయి. సంఖ్యలో తేడా స్వల్పంగా కనిపించినా చీరల దుకాణంలో అది పెద్దదే. రెండు నీలి రంగు గుడ్డలు సీఎఫ్‌ఎల్ కింద ఒకేలా కనిపించి ఎండలో వేర్వేరుగా తేలవచ్చు. మన ఊళ్లలో ఆడవాళ్లు చీర మడత పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో చూసుకోవడం ఒట్టి చాదస్తం కాదు, భౌతిక శాస్త్రం. అందుకే సూరత్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా చీరల షోరూంలు నడవాలు, గోదాములకు సీఎఫ్‌ఎల్ పెట్టి, చీర పరిచే తెల్లపరుపు పైన మాత్రం హాలోజెన్ దీపాలను చాలాకాలం అట్టేపెట్టుకున్నాయి. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం.

వజ్రాల సాన కేంద్రాల్లో సమస్య మరో రకం. సాన చక్రం నిమిషానికి సుమారు 3 వేల సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. ఇనుప చోక్‌తో వెలిగే ట్యూబ్ మన విద్యుత్తు సరఫరాకు అనుగుణంగా సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి ఆ మినుకు తెలియదు. కానీ తిరుగుతున్న చక్రం కదలనట్టుగానో, నెమ్మదిగా వెనక్కు తిరుగుతున్నట్టుగానో భ్రమ కలుగుతుంది. చక్రానికి వేలు దూరంలో ఉంచి పనిచేసే కార్మికుడికి ఇది ప్రమాదం. రోజంతా కళ్లు లాగడం, తలనొప్పి వేరే సంగతి. సీఎఫ్‌ఎల్‌లలోనూ, టీ5 ట్యూబ్‌లలోనూ ఉండే ఎలక్ట్రానిక్ చోక్ దీపాన్ని సెకనుకు వేల సార్ల పౌనఃపున్యంతో నడుపుతుంది కాబట్టి ఈ భ్రమ పోతుంది. పొదుపు కోసం చేసిన మార్పు భద్రతకూ ఉపయోగపడిన సందర్భం ఇది. దీన్ని ఏ బిల్లూ చూపించదు.

బిల్లులో కనిపించని బరువు

చవక సీఎఫ్‌ఎల్‌ల పవర్ ఫ్యాక్టర్ 0.5 నుంచి 0.6 మధ్యే ఉండేది. అంటే 14 వాట్లు ఖర్చు చేసే దీపం లైన్‌పై దాదాపు 25 వోల్ట్-ఆంపియర్ల భారం వేస్తుంది. ఇళ్ల మీటర్లు అసలు ఖర్చయిన యూనిట్లనే లెక్కిస్తాయి కాబట్టి గృహ వినియోగదారుడికి అది తెలియదు. భారం పంపిణీ సంస్థ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లపై పడుతుంది. కానీ కాంట్రాక్ట్ డిమాండ్‌ను కేవీఏలలో తీసుకున్న పెద్ద వాణిజ్య భవనానికి ఆ భారం బిల్లులోనే వస్తుంది. 200 చవక సీఎఫ్‌ఎల్‌లు 2.8 కిలోవాట్లే తీసుకున్నా కేవీఏ లెక్కలో 5 దాటతాయి. డబ్బాపై వాట్లు, ధర మాత్రమే చూసి కొన్నవారు ఆదాలో కొంత భాగాన్ని ఇలా తిరిగి చెల్లించారు. మంచి తయారీదారుల దీపాల్లో పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే ఏర్పాటు ఉంటుంది. దానికోసం అదనంగా చెల్లించే మొత్తం వృథా కాదు.

సూరత్ పాత నగరానికి టొరెంట్ పవర్, చుట్టూ విస్తరించిన ప్రాంతాలకు ప్రధానంగా దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ విద్యుత్తు సరఫరా చేస్తాయి. సరఫరాదారు ఎవరైనా బిల్లులో కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ గడులు ఉన్నాయో లేదో చూడటం దీపాలు మార్చే ముందు చేయాల్సిన మొదటి పని.

దీపం ఒకరిది, బిల్లు మరొకరిది

ముప్పై ఆరు రోజుల్లో డబ్బు తిరిగివస్తుందంటే అందరూ మర్నాడే మార్చి ఉండాలి. అలా జరగలేదు. కారణం లెక్క తెలియకపోవడం మాత్రమే కాదు. వాణిజ్య భవనాల్లో అద్దెకు ఉన్నవారే ఎక్కువ. దీపాలు, వైరింగ్ యజమాని అమర్చినవి. బిల్లు కట్టేది అద్దెదారు. దీపం మారిస్తే లాభం అద్దెదారుకే కాబట్టి యజమాని ఖర్చు పెట్టడు. పదకొండు నెలల ఒప్పందంపై ఉన్న అద్దెదారు పరాయి భవనంలో సొంత డబ్బు పెట్టడానికి వెనకాడతాడు. మగ్గాల షెడ్లలో మరో అంచె ఉంటుంది. షెడ్డు ఒకరిది, మగ్గాలు ఇంకొకరివి, నేసేది మరొకరు. చీకట్లో కళ్లు పాడుచేసుకునేది ఈ మూడో మనిషి. అతనికి దీపం ఎంపికలో మాట ఉండదు.

ప్రభుత్వ పథకాలు ఈ ముడిని విప్పలేదు. అవి ప్రధానంగా ఇళ్లను ఉద్దేశించినవి. వాటిలో తొలితరం ప్రయత్నాల్లో ఒకటి తెలుగునాట జరిగింది. జర్మనీకి చెందిన ఓస్రామ్ సంస్థ విశాఖపట్నం జిల్లాలో గృహాలకు సీఎఫ్‌ఎల్‌లు పంపిణీ చేసే ప్రాజెక్టును ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలోని స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం కింద 2009లో నమోదు చేయించింది. పాత తీగ బల్బు తిరిగి ఇచ్చినవారికి నామమాత్రపు ధరకు సీఎఫ్‌ఎల్ ఇచ్చి, తగ్గిన ఉద్గారాలకు వచ్చే కార్బన్ క్రెడిట్లతో మిగతా ఖర్చు రాబట్టుకోవాలన్నది ఆలోచన. సేకరించిన పాత బల్బులను మళ్లీ వాడకుండా ధ్వంసం చేయాలి.

అదే సూత్రంతో ఇంధన సామర్థ్య బ్యూరో 2009 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా బచత్ ల్యాంప్ యోజన ప్రారంభించింది. మార్కెట్లో వంద రూపాయల దరిదాపుల్లో ఉన్న సీఎఫ్‌ఎల్‌ను తీగ బల్బు ధరకే, 15 రూపాయలకు, ఇంటికి అందించడం లక్ష్యం. సుమారు 40 కోట్ల తీగ బల్బులను తొలగించాలని భావించారు. 2012 తర్వాత అంతర్జాతీయ మార్కెట్లో కార్బన్ క్రెడిట్ల ధర కుప్పకూలడంతో పథకానికి ఆధారమైన ఆర్థిక లెక్కే చెదిరిపోయింది. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం దాని స్థానంలో ఎల్‌ఈడీ బల్బులను తెచ్చింది. కార్బన్ క్రెడిట్లపై ఆధారపడకుండా, పెద్దమొత్తంలో టెండర్లు పిలిచి ధర దించే పద్ధతిని అనుసరించింది. 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఈ రెండు పథకాల మధ్య దుకాణదారు ఎక్కువగా తన సొంత లెక్కపైనే నడిచాడు. కోసాడ్‌లో గృహ సముదాయానికి పథకం ఉంది, దాని కింది వీధిలోని కిరాణా కొట్టుకు లేదు అన్నది ఈ దేశంలో ఏ ఊరికైనా సరిపోయే వర్ణన.

పెద్ద భవనాలకు మాత్రం చట్టం ఉంది. 2007లో కేంద్రం విడుదల చేసిన ఇంధన పొదుపు భవన నియమావళి, ఆ తర్వాతి సవరణ ప్రకారం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ దాటిన వాణిజ్య భవనాలకు వర్తిస్తుంది. అది ఫలానా దీపమే వాడాలని చెప్పదు. చదరపు మీటరుకు ఇన్ని వాట్లకు మించకూడదంటుంది. కార్యాలయాలకు తొలి నియమావళిలో ఆ పరిమితి 10.8 వాట్లు. 2017 నాటి సవరించిన నియమావళిలో 9.5 వాట్లు. తీగ బల్బులతో ఈ పరిమితిలో కార్యాలయానికి చాలినంత వెలుతురు తేవడం అసాధ్యం. సీఎఫ్‌ఎల్, టీ5లతో సాధ్యం, ఎల్‌ఈడీలతో సులభం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈ నియమావళిని రాష్ట్ర పరిస్థితులకు తగినట్టు మలచుకుని నోటిఫై చేసింది. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్ని కొనసాగించింది.

దీపం మార్చడానికన్నా ముందు చేయదగిన పని ఏమిటో హైదరాబాద్ చూపించింది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ–సొహ్రాబ్‌జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం. వృత్తాకార భవనం మధ్య ముంగిలి, చుట్టూ గదులు. పని వేళల్లో గదుల్లో చాలాభాగానికి పగటి వెలుతురే సరిపోతుంది. అదే కేంద్రంలో నెలకొన్న భారత హరిత భవనాల మండలి, సూరత్ శివారు ఖజోద్‌లో 2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్‌కు ప్లాటినం గుర్తింపు ఇచ్చింది. వజ్రాన్ని అమ్మే భవనానికి ప్లాటినం, వజ్రాన్ని సాన పట్టే షెడ్డుకు పాత ట్యూబ్‌లైటు. 100 కిలోవాట్ల గీత కింద ఉండిపోయే చిన్న కేంద్రాలకు నియమావళి చేరదు.

రెండో మార్పు

ఇంకా సీఎఫ్‌ఎల్‌లు వాడుతున్న భవనాలు ఎల్‌ఈడీకి మారాలా అనే ప్రశ్నకు మళ్లీ అదే లెక్క వేయాలి. 14 వాట్ల సీఎఫ్‌ఎల్ స్థానంలో 8 వాట్ల ఎల్‌ఈడీ చాలు. తేడా 6 వాట్లు. ఏడాదికి 3 వేల గంటలు వెలిగితే 18 యూనిట్లు, యూనిట్‌కు 8 రూపాయల చొప్పున 144 రూపాయలు. 100 రూపాయల ఎల్‌ఈడీ బల్బు ఏడాది లోపే డబ్బు తిరిగిస్తుంది. మార్చడం లాభమే. అయితే తీగ బల్బు నుంచి సీఎఫ్‌ఎల్‌కు వచ్చిన మొదటి అడుగులో దీపానికి 46 వాట్లు మిగిలాయి, రెండో అడుగులో మిగిలేవి 6. ఎల్‌ఈడీ వచ్చాక సీఎఫ్‌ఎల్‌ను విఫల ప్రయోగంగా మాట్లాడటం పరిపాటి అయింది. పొదుపులో సింహభాగం ఆ దీపమే తెచ్చింది.

ఫాల్స్ సీలింగ్‌లలోని దీపాల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిలో చాలావరకు రెండు లేదా నాలుగు పిన్నుల సీఎఫ్‌ఎల్‌లు. చోక్ దీపంలో కాకుండా ఫిట్టింగ్‌లో విడిగా ఉంటుంది. దానికి సరిపోయే ఎల్‌ఈడీ దీపాలు దొరికినా పాత చోక్ అలాగే ఉంటే అది కరెంటు తింటూనే ఉంటుంది, చెడినప్పుడు కొత్త దీపాన్నీ చెడగొడుతుంది. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చోక్‌ను తప్పించి వైరింగ్ సరిచేయించడం, లేదా ఫిట్టింగ్ మొత్తం మార్చడం మేలు. 36 వాట్ల దీపాలు రెండు ఉన్న రెండడుగుల చదరపు ఫిట్టింగ్ స్థానంలో 36 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెల్ పెడితే చోక్ ఖర్చు కూడా కలిపి సగానికి పైగా తగ్గుతుంది.

పాత దీపాలు ఎక్కడికి?

ఈ మార్పులో బిల్లుకు సంబంధం లేని, అందుకే ఎవరూ పట్టించుకోని భాగం పాదరసం. ఒక్కో సీఎఫ్‌ఎల్‌లో ఉండేది 5 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ. పాత మందపాటి ట్యూబ్‌లలో అంతకు ఎన్నో రెట్లు. ఒక దీపం పగిలితే భయపడాల్సినంత ప్రమాదం లేదు. ఒక హోటల్ ఒకేసారి 500 దీపాలు తీసి గోనెసంచుల్లో తుక్కు వ్యాపారికి ఇస్తే, అతను ఇత్తడి, అల్యూమినియం టోపీల కోసం వాటిని ఒక గదిలో పగలగొడితే సంగతి వేరు. ఆ ఆవిరి పీల్చేది బిల్లు ఆదా చేసుకున్న యజమాని కాదు. సూరత్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా ఆ పని చేసే చేతులు ఏ లెక్కలోనూ కనిపించవు.

పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018 జూన్‌లో ఆమోదించింది. ఒప్పంద దేశాలు 2022లో బాలిలో ముగించిన సమావేశంలో, చోక్ లోపలే ఉన్న 30 వాట్ల వరకు సాధారణ సీఎఫ్‌ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతులను 2025తో ముగించాలని నిర్ణయించాయి. 2023లో జెనీవాలో ట్యూబ్‌లైట్లకు కూడా 2027 గడువు పెట్టాయి. దీనర్థం గోడల మీద వెలుగుతున్నవాటిని వెంటనే తీసేయాలని కాదు. కొత్తవి దొరకడం తగ్గుతుంది, పాతవి రానున్న కొన్నేళ్లలో పెద్దసంఖ్యలో చెత్తకుప్పలకు చేరతాయి.

2016 నుంచి పాదరస దీపాలు ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలో ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, జాబితాలోని విద్యుత్ ఉపకరణాలను ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం 1,000 వాడిన సంస్థ భారీ వినియోగదారు కిందికి వస్తుంది. అటువంటి సంస్థ తన వ్యర్థాలను నమోదైన తయారీదారుకు, పునరుద్ధరణదారుకు లేదా రీసైక్లర్‌కే అప్పగించాలి. 20 దీపాల దుకాణానికి ఆ బాధ్యత లేదు. దీపాలు అమ్మినచోటే పాతవి వెనక్కు తీసుకునే ఏర్పాటు ఉంటే తప్ప అవి తడి, పొడి చెత్త మధ్యే కలిసిపోతాయి. మార్పు పని కాంట్రాక్టుకు ఇచ్చే పెద్ద భవనాలు తొలగించిన దీపాల సంఖ్య, అవి చేరిన నమోదిత రీసైక్లర్ రసీదు చూపితేనే తుది చెల్లింపు అనే షరతు ఒప్పందంలో చేర్చుకోవచ్చు. విశాఖ ప్రాజెక్టు పాదరసం లేని తీగ బల్బులనే లెక్కపెట్టి వెనక్కు తీసుకుంది. పాదరసం ఉన్న దీపాలకు అంతకన్నా తక్కువ శ్రద్ధ చాలదు.

దీపం పగిలినప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏసీ, ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, అందరూ పది పదిహేను నిమిషాలు గది బయట ఉండాలి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు. అవి పాదరసాన్ని గాలిలోకి రేపుతాయి. చేతులకు తొడుగులు వేసుకుని గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తాలి. మిగిలిన పొడిని తడి కాగితంతోనో, అంటుకునే టేపుతోనో అద్ది తీయాలి. అన్నింటినీ మూతబిగువు సీసాలో లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూసి, మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలి. పగలని పాత దీపాలను కొత్తవి వచ్చిన అట్టపెట్టెల్లోనే తిరిగి సర్ది, నీడలో, పిల్లలకు అందని చోట భద్రపరచాలి.